చేటలో ఒక్క కందిగింజ

శ్రావణమాసంలో ఒక మంగళవారం మధ్యాహ్నం రేడియోలో ఒక పాత హిందీ పాట వేసి, ఆ పాటకి బాణీ కట్టినవారి పేరు తప్పు చెప్పారు. ఒక పెద్దాయన ఒక్కడూ కట్టిన పాటని, ఆయన దగ్గర పనిచేసి తర్వాత వేరుపడిన ఇద్దరి జంట కట్టారన్నారు. పాట అయ్యాక మళ్ళీ అదే మాట చెప్పారు. నోరు జారిందనుకోవడానికి వీల్లేదు.

పాట ఏదో నేనిక్కడ రాయను, కట్టినవాళ్ళ పేర్లూ రాయను. రాస్తే మీరు వెంటనే ఫోను తీసి వెతుకుతారు. ఆ ఫోను సంగతి తర్వాత చెబుతాను.

ఇంతదానికి ఇంత కోపమా అని మా ఊళ్ళో చాలామంది అన్నారు. నా దగ్గర ఒక పుస్తకం ఉంది. అందులో ఈ పాటకి ఒక పంక్తి ఉంది, పెద్దాయన పేరుతో. ఆ పంక్తి నేను విని రాసింది కాదు. మా ఇంటిది విని చెబితే రాసింది. ఆవిడ పోయి రెండు వానాకాలాలయింది. రేడియో చెప్పింది నిజమైతే ఆవిడ తప్పు విన్నట్టు. ఆవిడ తప్పు వినే మనిషి కాదు. అందుకని రేడియో వారికి కార్డు రాశాను. జవాబు రాలేదు. ఇంకొకటి రాశాను.

నేను బడిలో మూడో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత చదివిందంతా సంతలో పొట్లాలు విప్పి చదివిందే. బెల్లం పొట్లం, ఎండుచేపల పొట్లం, ఏది దొరికితే అది. కథ సగంలో చిరిగిపోతే మిగతా సగం వచ్చే శుక్రవారం అరకు సంతలో దొరుకుతుందేమోనని చూసేవాణ్ణి. ఎప్పుడూ దొరకలేదు.

హిందీ మాత్రం రైలు లైను మీద నేర్చుకున్నాను. ఈ కొండలు తొలిచి లైను వేసేటప్పుడు బిహారు నుంచి వచ్చినవాళ్ళతో కలిసి రాళ్ళు మోశాను. వాళ్ళు సొరంగంలో పాడుకునేవారు. లోపల ఒకడు పాడితే బయటికి వచ్చేసరికి ఆ పాట పదిమంది పాడినట్టుండేది. అర్థం తెలియకుండానే ఎన్నో పాటలు నేర్చుకున్నాను. అర్థం తెలిశాక వాటిలో కొన్ని అంత బాగోలేదు.

పని ముగిసి వెళ్ళిపోతూ ఒక మేస్త్రి తన రేడియో నాకిచ్చి నా గొంగళి తీసుకున్నాడు. ఆయనకి చలి, నాకు పాట. ఇద్దరం సంతోషంగానే విడిపోయాం. ఆ చలికాలం నేను గోనెసంచి కప్పుకున్నాను.

ఆ రోజుల్లో రోజూ మధ్యాహ్నం పూట హిందీ పాటలు వచ్చేవి. పాటకి ముందు అనౌన్సరు సినిమా పేరు, పాడినవారు, రాసినవారు, సంగీతం కట్టినవారు, అందరినీ వరసగా చెప్పేవాడు. పెళ్ళిలో పెద్దలని పిలిచినట్టు మర్యాదగా పిలిచేవాడు. ఇప్పుడు ఎఫ్.ఎం.లో పాట మధ్యలో నవ్వుతారు. ఎందుకు నవ్వుతారో చెప్పరు.

ఆ పేర్లన్నీ గాలిలో పోతున్నాయని నేను ఒక పెద్ద పుస్తకం కొని రాయడం మొదలుపెట్టాను. ఒక్కో పాటకి ఒక్కో పంక్తి. పాట మొదటి మాటలు, కట్టినవారి పేరు. పాడినవారిని రాయలేదు. గొంతు ఎవరిదో గొడ్లకాపరి కూడా పోలుస్తాడు. బాణీ కట్టినవాడి మొహం ఎవరికీ తెలియదు, పేరు కూడా పోతే ఇంకేం మిగులుతుంది?

అంతలో నాకు కాఫీ నర్సరీలో పని దొరికింది. పొద్దున్న వెళ్తే సాయంత్రానికి రావడం. పాటలొచ్చే వేళకి నేను మొక్కలకి నీళ్ళు పోస్తూ ఉండేవాణ్ణి. రేడియో నర్సరీకి తీసుకెళ్ళనివ్వలేదు. మొక్కలకి ఏం నష్టమని అడిగితే సూపర్‌వైజరు ఇంకో బిందె చేతికిచ్చాడు.

"నువ్వు విని సాయంత్రం నాకు చెప్పు" అని మా ఇంటిదానితో అన్నాను.

"పాటయితే సెప్తాను మావా. ఆ పేర్లు నా నోట తిరగవు. ఆళ్ళ అమ్మాబాబులకి మంచి పేర్లు దొరకనేదేటి?"

"పలకక్కర్లేదు. ఎవరిదో గుర్తుంటే చాలు."

"అయితే గింజ పెడతాను" అంది.

మా కొండవాలు మీద కందులూ సామలూ ఆముదాలూ అన్నీ కలిపి ఒకే చోట చల్లుతాం. విత్తనాలు దాచేది ఆడవాళ్ళు. ఎండిన ఆనపబుర్రలో చెయ్యి పెట్టి, చూడకుండానే, ఏది ఏదో వేళ్ళతో చెప్పేస్తారు. ఆవిడ బొంబాయి సంగీత దర్శకులందరికీ తలో గింజ కేటాయించింది. ఏడిపించే బాణీలాయన కరక్కాయ. "ఇన్నాక నోరంతా వగరుగుంటాది" అంది. డోలు మోగించే ఆయన అడ్డపిక్క, అంటే విస్తళ్ళు కుట్టే అడ్డాకు తీగ గింజ, నేల మీద వేస్తే టక్కుమంటుంది. వయొలిన్లు గుంపుగా వాయించే ఆయన పనసపిక్క. గిటారు పట్టుకుని కొత్తగా వచ్చినాయన ఆముదపు గింజ, ఎందుకంటే ఒంటినిండా చారలు. ఆయన్ని ఆవిడ ఎప్పుడూ చూడలేదు. అయినా చారల చొక్కా వేసుకుంటాడని చెప్పింది.

పెద్దాయనకి కందిగింజ. ఆయన దగ్గర పనిచేసి వేరుపడిన జంటకి ఏం పెడతావని అడిగాను.

"ఆయన కాడ నేర్సుకున్నోళ్ళే గదా? ఇత్తనం ఒకటే. ఆయన ఒకడు, ఆళ్ళిద్దరు."

పెద్దాయనకి ఒక కందిగింజ, జంటకి రెండు. ఈ ఒక్కటీ మీరు గుర్తుంచుకోవాలి.

పాట వచ్చినప్పుడల్లా ఆవిడ ఒక చేటలో ఎడమ నుంచి కుడికి గింజ పెట్టేది. నేను సాయంత్రం వచ్చి, కాళ్ళు కడుక్కుని, పుస్తకం తీసుకుని కూర్చునేవాణ్ణి. ఆవిడ ఒక్కో గింజ మీద వేలు పెట్టి ఆ పాట కూనిరాగం తీసేది. మాటలు ఉండేవి కావు, బాణీ మాత్రం వెంట్రుకవాసి తేడా లేకుండా ఉండేది. నేను పాట పోల్చుకుని రాసేవాణ్ణి. తర్వాత ఆ గింజలు బుర్రలోకి వెళ్ళిపోయేవి. కొన్ని ఆ ఏడే చల్లేశాం. మా కొండ మీద ఎవరెవరి పాటలు మొలిచాయో చెప్పడం కష్టం.

ఒక ఏడాది గడిచేసరికి అనౌన్సరు పేరు చెప్పకముందే, ముందు వాయించే నాలుగు ముక్కలకే ఆవిడ గింజ పెట్టేస్తోంది. నేను నమ్మలేదు. ఒకసారి ఇద్దరం రైలెక్కి, సొరంగాలన్నీ దాటి, కింద పట్నంలో మధ్యాహ్నం ఆట హిందీ సినిమాకి వెళ్ళాం. హాలు చీకటి పడింది. తెర మీద ఇంకా అక్షరాలు రాలేదు, సంగీతం మొదలైంది. ఆవిడ బొడ్లోంచి ఏదో తీసి నా అరచేతిలో పెట్టింది. తడిమితే అడ్డపిక్క. తర్వాత చాలా పేర్లు వచ్చాయి. చివరికి సంగీతం కట్టినాయన పేరు వచ్చింది. అడ్డపిక్క ఆయనే. అంత చీకట్లోనూ ఆవిడ నా మొహం చూస్తోందని నాకు తెలుసు. నేను తెర వైపే చూశాను.

సినిమా మీద మాత్రం ఆవిడకి గౌరవం కలగలేదు.

"పాడింది ఆడు కాదంట గదా?" అని తెర మీద హీరోని చూపిస్తూ గట్టిగానే అడిగింది.

"కాదు. పాడినాయన వేరే."

"మరెందుకంత నోరు తెరుత్తన్నాడు? జుత్తు కళ్ళల్లో పడిపోతంది, ఆ హీరోయిను గుంట అంతసేపు పక్కనే ఉండి సర్దదేటి?"

ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి చూశాడు. ఆయన జుత్తు కూడా కళ్ళల్లోనే ఉంది. ఆవిడ కొంగు మొహం మీదికి లాక్కుంది. పాటలు లేనప్పుడల్లా నిద్రపోయింది. పాట మొదలయ్యే ముందు ఎవరూ లేపకుండానే లేచేది.

అలాంటి చెవి మీద రేడియో వారు తప్పు మోపారు.

మొదటి కార్డు మర్యాదగా రాశాను. రెండోది కూడా. మూడో కార్డులో గింజల పద్ధతి వివరించాను, చోటు చాలక సగంలో ఆగిపోయింది. నాలుగో కార్డు 'పనసపిక్క' అన్న మాటతో మొదలైంది. మా ఊరి పోస్టాఫీసు అంటే ఒక గది, ఒక మనిషి. ఆయన నా కార్డులన్నీ ముద్ర వేసేముందు చదివేవాడు. దాచేవాడు కాదు.

"తాతా, ఇది చదివినవాడు నువ్వు విత్తనాలు అమ్ముతావనుకుంటాడు" అన్నాడు.

"మూడోది చదివి ఉంటే అనుకోడు."

"మూడోది వానలో తడిసింది. నేనే ఆరబెట్టి పంపాను."

"అయితే మళ్ళీ రాస్తాను."

ఐదోది మళ్ళీ రాసిన మూడోది. ఏడో కార్డుకి ఆయన తన ఫోను తీశాడు. ఎందుకీ బాధ, ఇందులో వెతికితే నిమిషంలో తేలిపోతుందన్నాడు. వెతికాడు. ఒక చోట జంట అని ఉంది. ఇంకో చోట పెద్దాయన అని ఉంది. మూడో చోట పాటే లేదు, ఆ మాటలతో ఎవరిదో పెళ్ళి వీడియో ఉంది. నిమిషం కాదు, అరగంట పట్టింది.

"మరి ఇప్పుడు?" అన్నాడు.

"ఇవి రాసినవాళ్ళు ఎవరూ చేట చూసి రాయలేదు" అన్నాను. "ముద్ర వెయ్యి."

పదో కార్డులో ఒకే వాక్యం రాశాను: "పై తొమ్మిది కార్డులలోని విషయమే." పదకొండో కార్డు వేసేటప్పటికి కొండ మీద కంది కోతకొచ్చింది.

మాకు కందికొత్త అని ఒక పండగ ఉంది. కొత్త కంది పండాక, ఊరంతా కలిసి దేవతకి పెట్టేదాకా, ఆ గింజ ఎవరూ నోట పెట్టరు. పిల్లలైనా సరే. దానికి తిరుగు లేదు. ఆ పండగకి మా మరదలు, అంటే మా ఇంటిదాని చెల్లెలు, కొండకవతలి ఊరి నుంచి వచ్చింది. పెళ్ళి కాకముందు నాలుగేళ్ళు మా ఇంట్లోనే పెరిగిన మనిషి. ఇప్పుడు ఆవిడకీ పళ్ళు లేవు. వస్తూనే మొదలుపెట్టింది.

"ఏటి బావా, రేడియోవోళ్ళకి కార్డుల మీద కార్డులు రాత్తన్నావంట? పింఛనీ ఆళ్ళు ఇత్తారేటి?"

"పింఛను కాదు. మీ అక్క మీద వేసిన నింద గురించి."

"రేడియోవోళ్ళు అక్కనేటన్నారు?"

చెప్పాను. ఏ పాటో కూడా పాడి చూపించాను. నా గొంతుకి ఆవిడ మొహం చిట్లించింది కానీ పాట పోల్చుకుంది. పెద్దాయన పాట అని నా పుస్తకంలో ఉందనీ, జంట అని రేడియో అంటోందనీ, మీ అక్క పెట్టింది ఒక్క గింజేననీ చెప్పాను. ఆవిడ చేతిలో కందికాయ అలాగే పట్టుకుని నన్ను చూసింది.

"ఒక్క గింజా? బావా, అది కోడి తినీసిన రోజు గాదా?"

"ఏ కోడి?"

"ఓలమ్మ! ఏ కోడంటాడు సూడు! ఆ రోజు కొత్త కందులు వాకిట్లో ఎండబోసున్నాయి. అక్క అందులోయి రెండు గింజలు తీసి సేటలో ఎట్టి నీలకెల్లింది. అరుగు మీద నేనున్నాను. సుక్కల పెట్ట అరుగెక్కి ఒకటి తినీసింది. తోలీసరికి ఒకటి మిగిలింది. నువ్వొచ్చాక అక్క సెప్పింది, రెండెట్టాను మావా, ఒకటి కోడి తినీసింది, ఇద్దరని రాయి అని. నువ్వేటన్నావు?"

"ఏమన్నాను?"

"కందికొత్త అవకుండా ఈ ఇంట్లో కందిగింజ నోట ఎట్టినోళ్ళు లేరు, కాబట్టి గింజ పోనేదు, కాబట్టి నువ్వు ఎట్టనేదు అన్నావు. వకీల్లాగ అన్నావు. కోడికి కందికొత్తేటి బావా?"

నాకు చాలా సంగతులు గుర్తుంటాయి. లైను మేస్త్రి గొంగళి మడత ఎటువైపు పెట్టుకున్నాడో గుర్తుంది. ఈ మాట గుర్తు లేదు. గుర్తు లేదని చెప్పాను.

"గుర్తుండదు. అక్క కోపమొచ్చి అప్పటికప్పుడే ఆ పెట్టని పట్టుకుని కోసీసింది. గింజ తీసి నీ సేతిలో ఎడతానని నాతో అంది. కోసి సూత్తే దాని మేతసంచి నిండా కందులే. వాకిట్లోయి కూడా తిన్నాది గదా. అందులో రేడియో గింజ ఏదని సూపిత్తాది? ఏడిసి, కూరొండీసింది."

కూర నాకు గుర్తుంది.

గుడ్లు పెట్టే పెట్ట. చుట్టాలు రాలేదు, పండగ కాదు, ఒంట్లో బాగులేనివాళ్ళు లేరు. ఎందుకు కోశావని నేను అడగలేదు. చాలా బాగుంది, రెండోసారి పెట్టించుకున్నాను. మా ఇంటిది తినలేదు. ఆకలి లేదంది.

"తినదు మరి" అంది మరదలు. "దాని కడుపునిండా కొత్త కంది. కందికొత్త కానేదు గదా. నేనూ తిన్నేదు. నువ్వే తిన్నావు."

అంటే సాక్ష్యాన్ని తిన్నది నేను. పండగ కాకుండా కొత్త కంది తిన్నదీ, కోడి ద్వారానైనా, నేనే. మరదలు కందికాయ ఒలవడం మొదలుపెట్టింది. నేను లోపలికెళ్ళి పుస్తకం తీశాను.

ఆ పంక్తి దొరికింది. నా దస్తూరీయే, పెద్దాయన పేరు, కింద గీత కూడా గీశాను. అంతకుముందు పేజీలన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఆ పేజీ తిప్పితే అక్కడినుంచి ప్రతి పేజీ అంచునా ఎర్రమట్టి వేలిముద్రలు. ఎందుకో నాకు తెలుసు. ఒకప్పటినుంచి ఆవిడ గింజలు చేటలో ఊరికే పెట్టడం మానేసి, తడిమట్టి అలికి, అందులో నొక్కి పెట్టేది. సాయంత్రం వేలితో గింజ పెకలించి నాకిచ్చేది, ఆ చేత్తోనే నేను రాసేవాణ్ణి. పుస్తకం పాడవుతోందని ఎన్నోసార్లు విసుక్కున్నాను. మట్టి ఎందుకని మాత్రం అడగలేదు. కోడికి లొంగని పద్ధతి కోసం అని ఆవిడ చెప్పలేదు. ఒకసారి చెప్పింది కదా.

రేడియో వారు చెప్పింది సరైనదే. జంట పాటే. ఆవిడ విన్నదీ అదే, ముందుగానే విన్నది. మధ్యలో తప్పు రాసింది నేనొక్కణ్ణే.

పన్నెండోది కార్డు మీద రాయలేదు. ఇన్‌లాండు కవరు తీసుకుని, మడతల దాకా నింపాను. నా ఫిర్యాదు వాపసు తీసుకుంటున్నాననీ, పాట జంటదేననీ, తప్పు నా పుస్తకానిదనీ రాశాను. కోడి సంగతి, కందికొత్త సంగతి దాచకుండా రాశాను. ఒకటే అడిగాను. ఆ పాట ఈసారి వేసినప్పుడు జంట పేరు చెప్పి, అరకు కొండల్లో ఒక ఆడమనిషి ఈ పాట ఇద్దరిదని మొదటి రోజే సరిగ్గా విన్నదని ఒక్క మాట చెప్పండి, పేరు చెప్పక్కర్లేదు అని రాశాను. ఆవిడకి పేర్లంటే ఎటూ ఇష్టం లేదు.

కవరు అంటించి ఉండడం చూసి పోస్టాఫీసాయన బాధపడ్డాడు.

"ఇందులో ఏముంది తాతా?"

"తప్పు నాదని."

ఆయన ముద్ర సిరాలో అద్దాడు. "ఇన్నాళ్ళూ వాళ్ళదే తప్పన్నావు కదా."

"వాళ్ళదీ తప్పే. పదకొండు కార్డులకి జవాబు రాయకపోవడం తప్పు కాదా?"

ముద్ర వేశాడు. సోమవారం ఆ కవరు సంచిలో కిందికి వెళ్ళింది. బుధవారం నాకు జవాబు వచ్చింది. ఇంత బేగి ఎలా వచ్చిందా అనుకున్నాను. తేదీ చూస్తే నా కవరు వెయ్యడానికి నాలుగు రోజుల ముందు రాసినది. పోస్టాఫీసాయన మా అరుగు మీద కూర్చుని అది విప్పి ఉన్నదున్నట్టు చదివాడు. మా మరదలు కూడా విన్నది. విని, చేటలో ఒలిచిన కందులు చెంగుతో కప్పింది. మొత్తం ఇక్కడ దించుతున్నాను:

"అయ్యా, మీరు రాసిన పదకొండు కార్డులూ అందినవి. ఆలస్యానికి మన్నించగలరు. ఈ పాట విషయంలో మా దగ్గరి రికార్డు మీద జంట పేరే ఉన్నప్పటికీ, మీవంటి పాతతరం శ్రోత ఇంత కాలంగా, ఇంత గట్టిగా చెబుతున్నారంటే పొరపాటు మాదే అయి ఉంటుందని అందరమూ భావించాము. మీ శ్రీమతి గారి గింజల పద్ధతి గురించి చదివి ఆనందించాము. ఆమె విన్నదే నిజమని ఒప్పుకుంటూ, మా జాబితాలో జంట పేరు కొట్టివేసి, మీరు తెలిపిన ఒక్కరి పేరు చేర్చాము. ఇకమీదట ఈ పాట ఎప్పుడు ప్రసారమైనా ఆ విధంగానే ప్రకటించబడును. ఈ విషయమై మీరు మరల ఉత్తరం రాయనవసరం లేదు."